విశాఖలో సెకండ్ హ్యాండ్ ఇటాలియన్ బైక్: ఏది ఎవరికి, ముందు ఏం చూడాలి

"తక్కువ తిరిగిందండీ, ఎనిమిది వేల కిలోమీటర్లే" అనగానే బేరం సగం కుదిరిపోయిందనుకుంటాం. స్ప్లెండర్‌కీ యాక్టివాకీ ఆ లెక్క చాలావరకు పనికొస్తుంది. ఇటాలియన్ బండికి, అదీ విశాఖలో, పనికిరాదు. ఇక్కడ బండిని రోడ్డుకంటే ఎక్కువగా తినేవి ఉప్పు గాలీ, కదలకుండా నిలబెట్టిన కాలమూ. ఆరేళ్లలో ఎనిమిది వేలే తిరిగి, మిగతా రోజులన్నీ లాసన్స్ బే కాలనీ సెల్లార్లో కవరు కింద గడిపిన డుకాటి కంటే, ఏటా సర్వీసు చేయించుకుంటూ పాతిక ముప్పై వేలు తిరిగిన డుకాటీయే చాలాసార్లు మెరుగ్గా ఉంటుంది. బెల్టులు, సీళ్లు, గొట్టాలు, టైర్లు ఏళ్లతో పాడవుతాయి. మీటరు ఆగినా వాటి వయసు ఆగదు.

అందుకని మోడల్ ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. బండి తయారై ఎన్నేళ్లయింది, ఆ ఏళ్లలో ఎవరు ఏం మార్చారు? రేపు మీ చేతికి వచ్చాక దాని ఇంజిన్ విప్పేది ఎవరు? రెండోదాని మీద చాలామంది ఆలోచించరు. డుకాటి అధికారిక సర్వీసుకి విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లాలి. సుమారు 620 కిలోమీటర్లు. ఏడాదికోసారి ఆ ప్రయాణం మీకు సరదా అయితే సరే. లారీలో వేసి పంపాల్సిన పని అయితే మాత్రం ఆ ఖర్చును బండి ధరలోనే కలిపి చూడాలి.

డుకాటి: ఎయిర్ కూల్డా, లిక్విడ్ కూల్డా?

పాత బళ్ల మార్కెట్‌లో ఎక్కువగా కనిపించేవి స్క్రాంబ్లర్ 800, మాన్‌స్టర్ 797, మాన్‌స్టర్ 821. మొదటి రెండింటికీ దాదాపు ఒకే ఇంజిన్: 803 సీసీ, గాలితో చల్లబడేది, సిలిండరుకి రెండు వాల్వులు. 821 నీటితో చల్లబడుతుంది, సిలిండరుకి నాలుగు వాల్వులు, 2018 మోడల్‌లో 109 పీఎస్ (ఇంజిన్ శక్తి). కొత్తగా వచ్చినప్పుడు 797 ధర 7.77 లక్షలు (2017), 821 ధర 9.51 లక్షలు (2018). పాతబడ్డాక ఆ తేడా బాగా తగ్గిపోతుంది. దాంతో "ఇంకొంచెం వేస్తే 821 వస్తుంది కదా" అనిపిస్తుంది. ఆ మాటకి లొంగే ముందు డెస్మో లెక్క చూడండి.

మామూలు ఇంజిన్‌లో వాల్వును కామ్ (ఇంజిన్‌తో పాటు తిరిగే ఉబ్బెత్తు ముక్క) తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. డుకాటి ఇంజిన్లలోని డెస్మో పద్ధతిలో మూసే పని కూడా రాకర్ అనే చిన్న మీటదే. కాబట్టి ఒక్కో వాల్వుకి రెండు సందులు కొలవాలి, ఒకటి తెరిచే వైపు, ఒకటి మూసే వైపు. 803 ఇంజిన్‌లో నాలుగు వాల్వులు, అంటే ఎనిమిది కొలతలు. 821లో ఎనిమిది వాల్వులు, పదహారు కొలతలు. ఏ సందు తేడా వచ్చినా సరైన మందం ఉన్న షిమ్ము (చిన్న లోహపు ముక్క) తెచ్చి వేయాలి. ఆ షిమ్ములు మన ఊళ్లో షాపులో దొరకవు. ఇక గడువు విషయానికొస్తే, 803కి ప్రతి 12,000 కిలోమీటర్లకీ వాల్వు చెకప్, 821కి 30,000కి. అంటే గాలి ఇంజిన్‌కి పని తేలిక, కానీ తరచూ చేయించాలి. 821కి పని పెద్దది, కానీ అరుదుగా వస్తుంది.

తక్కువ తిరిగేవారికి ఈ తేడా పెద్దగా కనిపించదు. బెల్టు దగ్గర మాత్రం రెండు ఇంజిన్లూ సమానమే. ఈ ఇంజిన్లలో కామ్‌లను తిప్పేవి రబ్బరు టైమింగ్ బెల్టులు. కిలోమీటర్లు ఎన్నైనా, అయిదేళ్లకి మార్చి తీరాలి. బెల్టు తెగితే పిస్టన్, వాల్వు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఆ తర్వాత చేసేది రిపేరు కాదు, ఇంజిన్ మళ్లీ కట్టడం. 2018 బండి, 9,000 కిలోమీటర్లు, బెల్టు మార్చిన బిల్లు లేదు అంటే, అది వెంటనే బెల్టు మార్చాల్సిన బండి. అమ్మేవారు "ఇంకా టైముందండీ" అంటే హైదరాబాద్ సర్వీసు నుంచి బెల్టులు, వాల్వు చెకప్, ఆయిల్, కూలెంట్ అన్నిటికీ కలిపి రాతలో ఎస్టిమేట్ తెప్పించండి. ఆ మొత్తాన్ని ధరలోంచి తీసేయండి. తగ్గించనంటే లేచి వచ్చేయండి.

డుకాటి మీటరే ఒక సాక్షి. తాళం తిప్పగానే ఆయిల్ సర్వీసో, డెస్మో సర్వీసో గడువు దాటితే హెచ్చరిక చూపిస్తుంది. దాన్ని చెరిపేయడానికి సర్వీసు వాళ్ల పరికరం కావాలి. హెచ్చరిక లేదంటే పని జరిగినట్టే అనుకోకూడదు, బయట కూడా రీసెట్ చేసేస్తారు. హెచ్చరిక ఉంటే మాత్రం, బిల్లు చూపించేదాకా పని జరగలేదనే అనుకోండి.

ఎండ సంగతి కూడా చెప్పుకోవాలి. మే నెలలో గాజువాక, ఎన్‌ఏడీ సిగ్నళ్ల దగ్గర 821 వెనక సిలిండరు వేడి నేరుగా తొడలకి తగులుతుంది. ఫ్యాన్ తిరిగితే ఇంకా ఎక్కువ. 803 కూడా నిలబడితే వేడెక్కుతుంది, కానీ ఫ్యాను, రేడియేటరు, వాటర్ పంపు, గొట్టాలు అనే బాధ లేదు. ఉప్పు గాలిలో రేడియేటరు రెక్కలు తెల్లబడి పొడిపొడిగా రాలిపోయే ఊళ్లో అది చిన్న సుఖం కాదు. రోజూ స్టీల్ ప్లాంటు వైపు ఉద్యోగానికి వెళ్లొస్తూ, ఆదివారం భీమిలి దాకా తిరిగేవారికి 803 ఇంజిన్ బండే మా ఓటు. వేగమే ముఖ్యమై, హైవే మీద విజయవాడ, రాజమండ్రి తరచూ వెళ్లేవారు 821 వైపు చూడొచ్చు.

ఇంకో మాట. డుకాటి అంటే ఇటలీలోనే తయారైందని కాదు. మన దేశానికి వచ్చిన స్క్రాంబ్లర్, మాన్‌స్టర్లలో చాలావాటిని థాయ్‌లాండ్ ఫ్యాక్టరీలో బిగించారు. ఛాసిస్ నంబరు మొదటి అక్షరం జెడ్ అయితే ఇటలీ, ఎమ్ తర్వాత ఎల్ నుంచి ఆర్ దాకా ఏ అక్షరమున్నా థాయ్‌లాండ్. నాణ్యతలో భయపడాల్సిందేమీ లేదు. కానీ "ఇది ఒరిజినల్ ఇటలీ పీసు" అని ఎవరైనా ఎక్కువ ధర చెబితే నంబరు చూసి మాట్లాడండి.

బెనెల్లి: ఇటలీ పేరు, చైనా ఇంజినీరింగ్

బెనెల్లి 1911లో పెసారోలో పుట్టిన కంపెనీ. 2005 నుంచి చైనాలోని కియాంజియాంగ్ కంపెనీ చేతిలో ఉంది. ఇది దాచాల్సిన విషయం కాదు, తక్కువ చేసి చూడాల్సినదీ కాదు. స్ప్రింగు వాల్వులు, మామూలు టైమింగ్ చైన్ కాబట్టి చేయి తిరిగిన పెద్ద బళ్ల మెకానిక్ ఎవరైనా ఇంజిన్ విప్పగలరు. చిక్కంతా స్పేర్ల దగ్గరే. మన దేశంలో 2018 వరకు ఒక సంస్థ అమ్మింది, ఆ తర్వాత హైదరాబాద్‌కి చెందిన ఆదీశ్వర్ ఆటో రైడ్ చేపట్టింది. చేతులు మారిన ఆ రోజుల్లో కొన్న బళ్లకి సర్వీసు రికార్డు మధ్యలో తెగిపోయి ఉండటం మామూలే. అలాంటి ఖాళీ కనిపిస్తే ఆ కాలంలో బండి ఎక్కడుందో, ఎవరు చూశారో అడగండి.

టీఎన్‌టీ 600ఐ చాలామందిని ఊరించే బండి. నాలుగు సిలిండర్లు, 85 పీఎస్, ఆ శబ్దం. 2015లో అయిదు లక్షల పైచిలుకుకి వచ్చింది. ఇప్పుడు అందులో సగం కంటే తక్కువకి కూడా అడుగుతుంటారు. కానీ 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక మన మార్కెట్‌లో కొత్తది లేదు. బరువు 231 కిలోలు. సైలెన్సర్లు సీటు కింద ఉండటంతో ఆ వేడికి చుట్టూ ఉన్న వైరింగు గట్టిపడి పెళుసవుతుంది. సీటు తీసి, వైర్ల మీద తొడుగు పగిలిందా, టేపుతో చుట్టిన అతుకులున్నాయా చూడండి. నాలుగు థ్రాటిల్ బాడీలు (సిలిండర్లకి గాలిని వదిలేవి) సమానంగా ట్యూన్ చేయకపోతే ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, తక్కువ వేగంలో కుదుపు వస్తుంది. అది బాగుచేయగలిగిన జబ్బే. గేరు బాక్సు శబ్దం, ఆయిల్‌లో లోహపు రేణువులు ఉంటే మాత్రం ఆ బండినే వదిలేయాలి.

టీఎన్‌టీ 300 బుద్ధిగా ఉండే బండి, కానీ దాని ధరకి ఇప్పుడు వేరే కంపెనీల కొత్త బళ్లే వస్తున్నాయి. ఇంపీరియాలే 400 (374 సీసీ, ఒకే సిలిండరు) మెల్లగా వెళ్లేవారికి సరిపోతుంది. బీచ్ రోడ్డు దగ్గర ఉండేవారైతే దాని స్పోకులు, క్రోము మీద మూడు నాలుగేళ్లలోనే తుప్పు చుక్కలు వస్తాయి. అరకు, పాడేరు ఘాట్లు దాటి ఒడిశా వైపు వెళ్లాలనుకునేవారికి టీఆర్‌కే 502 మంచి ఎంపిక: 20 లీటర్ల ట్యాంకు, తొందరపెట్టని 47 పీఎస్ ఇంజిన్. బరువు 235 కిలోలు, అనంతగిరి మలుపుల్లో ఆగి బండి వెనక్కి తోయాల్సి వస్తే ఆ బరువు తెలుస్తుంది. కొనే ముందు ఒకసారి మట్టి నేల మీద నిలబడి అటూ ఇటూ తోసి చూసుకోండి.

అప్రిలియా 457

ఆర్‌ఎస్ 457ని మన దేశంలో 2023 డిసెంబరులో విడుదల చేశారు. మహారాష్ట్రలోని బారామతి ప్లాంటులో తయారవుతుంది. అల్యూమినియం ఫ్రేము, 270 డిగ్రీల క్రాంకు ఉన్న రెండు సిలిండర్ల ఇంజిన్, 47.6 పీఎస్, పెట్రోలుతో కలిపి 175 కిలోలు. 2025లో అదే ఇంజిన్‌తో టువోనో వచ్చింది. పాతవి అంటే ఇంకా రెండు మూడేళ్లవే. వయసు జబ్బులు ఇంకా మొదలు కాలేదు. అసలు భయం పడిన బళ్లతోనే.

ఫెయిరింగు మొత్తాన్ని మార్చేస్తే పడిన గుర్తు బయటికి కనిపించదు. లోపల చూడండి. ఫెయిరింగు బిగించే ప్లాస్టిక్ చెవులు విరిగి అతికించారా? హ్యాండిల్‌ను పూర్తిగా తిప్పినప్పుడు ఫ్రేమ్‌ను తాకి ఆగే చోట దెబ్బ ఉందా? అది గట్టిగా నొక్కుకుని ఉంటే ముందు భాగం బలంగా గుద్దుకుందని అర్థం. లీవర్ల కొసలు, ఫుట్ పెగ్ కొసలు, యాక్సిల్ చివరలు, హ్యాండిల్ చివరి బరువులు, అన్నీ రెండు వైపులా ఒకే వయసులో కనిపించాలి. ఒకవైపు మాత్రం కొత్తగా మెరుస్తుంటే ఆ వైపు నేలకి తగిలింది.

అప్రిలియాలోనే ఆర్‌ఎస్‌వీ4, టువోనో వీ4 లాంటి పెద్ద బళ్లు, ఎంవీ అగుస్టా, మోటో గుజ్జి చవకగా కనిపిస్తే ఒక్కటే చూడండి: రాబోయే సర్వీసులకి కావాల్సిన విడిభాగాల పార్టు నంబర్లు రాసుకుని, ఆర్డర్ ఇస్తే ఎన్ని రోజుల్లో వస్తాయో సప్లయర్ చేత లిఖితంగా చెప్పించండి. మోటో గుజ్జి మీద మాత్రం కొంచెం ఇష్టం చూపించవచ్చు. చైన్ లేదు, షాఫ్టు డ్రైవు (తిరిగే కడ్డీ వెనక చక్రాన్ని తిప్పుతుంది). చాలా మోడళ్లలో ట్యాపెట్లు (వాల్వు సందులు) స్క్రూతో సరిచేసేవి, సందు కొలిచే ఒక ఫీలర్ గేజ్, ఓపిక ఉంటే చాలు. ఉప్పు గాలిలో చైన్ బాధ లేని బండి విలువ ఇక్కడి వాళ్లకే తెలుస్తుంది. గేరు బాక్సు, వెనక డ్రైవు రెండింటికీ విడివిడిగా ఆయిల్ ఉంటుంది. అది కారుతోందో లేదో చూసి, ఎప్పుడు మార్చారో అడగండి.

చూడటానికి వెళ్లినప్పుడు

పట్టుకెళ్లాల్సినవి: టార్చి, మల్టీమీటరు, తెల్లటి పాత గుడ్డ, చిన్న అద్దం. ఉదయాన్నే వెళ్లండి. "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందురోజే చెప్పండి. వెళ్లగానే చేతి వెనక భాగం ఇంజిన్‌కి దగ్గరగా పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే అప్పటికే వేడి చేశారు. చల్లని స్టార్టుకి బండి మొరాయిస్తుందని వాళ్లకి తెలుసన్నమాట.

ఉప్పు పని చేసేది కనిపించని చోట్ల. ముందు ఫోర్కు పైపుల మీద గోరు పెట్టి కిందికి జరపండి. ఎక్కడైనా గరుగ్గా తగిలితే అది గుంట పడిన చోటు, ఆయిల్ సీలును కోసేస్తుంది. సీలు మార్చినా ఆ పైపుతో మళ్లీ కారుతుంది. బోల్టుల తలలు, సైడ్ స్టాండు స్విచ్, బ్రేకు క్యాలిపర్ పిస్టన్లు, బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. అల్యూమినియం కవర్ల మీద పైపూత పైకి లేచి, కింద తెల్లని పొడి ఉంటే అది సముద్రానికి దగ్గరగా చాలాకాలం ఉన్న బండి. ఏ అపార్ట్‌మెంటులో నిలిపేవారో అడగండి. పాండురంగాపురం, ఎంవీపీ కాలనీ సముద్రం వైపు, రుషికొండ అన్నారంటే ఈ వెతుకులాట రెట్టింపు చేయండి. వాటర్‌ప్రూఫ్ కవరు తడిని బయటికి పోనివ్వదు. కవరు కప్పి జాగ్రత్తగా దాచిన బళ్లలోనే కొన్నిసార్లు కనెక్టర్లు పచ్చగా చిలుమెక్కి ఉంటాయి.

పోర్టు, ఫ్యాక్టరీల వైపు తిరిగిన బండి అయితే ఎయిర్ ఫిల్టర్ తీయించి చూడండి. నల్లటి దుమ్ము ఫిల్టర్‌ను దాటి దాని పెట్టెలోకి కూడా వచ్చి ఉంటే దాన్ని చాలాకాలం మార్చలేదు.

మల్టీమీటరుతో: ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు పదికి దిగువన పడకూడదు. ఇంజిన్ 4,000 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. 13 దాటకపోతే బ్యాటరీని ఛార్జ్ చేసే రెక్టిఫయర్ గానీ, స్టేటర్ గానీ, మధ్యలో కనెక్టర్ గానీ పోయింది. 15 దాటితే అది బ్యాటరీని ఉడికిస్తుంది. "బ్యాటరీ పాతది, మారిస్తే సరిపోతుంది" అని అమ్మేవారు అన్నప్పుడు ఈ ఒక్క కొలతే నిజం చెబుతుంది.

టైరు పక్కన నాలుగు అంకెల తేదీ ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారం. అయిదారేళ్లు దాటితే ట్రెడ్ ఎంత ఉన్నా మార్చాల్సిందే. 821కి వెనక 180/60, ముందు 120/70, పదిహేడు అంగుళాలవి. రెండూ మార్చాలంటే చిన్న ఖర్చు కాదు, ముందే ధర కనుక్కోండి. వెనక స్ప్రాకెట్ చివరన చైనును వేళ్లతో వెనక్కి లాగండి. పన్ను సగం బయటపడితే చైన్ స్ప్రాకెట్ సెట్టు అయిపోయింది. బ్రేకు డిస్కు మీద కనీస మందం చెక్కి ఉంటుంది, కొలిచే గేజ్ లేకపోయినా, డిస్కు అరిగి ఉంటే అంచు గట్టు వేలికి తగులుతుంది.

వరద బళ్లు ప్రత్యేకంగా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు విజయవాడలో ఎన్నో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2019 నుంచి జిల్లాకో కోడు కాకుండా రాష్ట్రమంతటికీ ఒకే నంబరు కోడు పద్ధతి కాబట్టి నంబరు చూసి బండి ఏ ఊరిదో తెలియదు. ఆర్‌సీలో రిజిస్టరింగ్ ఆఫీసు పేరు చదవండి. సీటు కింది స్పాంజిని నొక్కి వాసన చూడండి, హెడ్‌లైటు లోపల, ఎయిర్ ఫిల్టర్ పెట్టె అడుగున, స్వింగ్ ఆర్మ్ మూలల్లో సన్నని ఒండ్రు మట్టి గీత ఉందేమో చూడండి. ఉంటే ధర ఎంత తగ్గించినా కొనవద్దు.

రైడుకి సింహాచలం కొండ లాంటి ఎత్తు రోడ్డు ఎంచుకోండి. పైకి వెళ్లేటప్పుడు అయిదో గేరులో 4,000 ఆర్‌పీఎం నుంచి థ్రాటిల్ పూర్తిగా తెరవండి. ఆర్‌పీఎం ఎగిరి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. దిగేటప్పుడు సమానమైన చోట హ్యాండిల్‌ని తేలిగ్గా పట్టుకోండి. పక్కకి లాగితే, మధ్యలో ఎక్కడో పట్టినట్టు ఉంటే కోన్ సెట్ బేరింగులు (హ్యాండిల్ తిరిగే చోటివి) పోయాయి. ఇరవై నిమిషాల తర్వాత ఆపి, అయిదు నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయండి. వేడి మీద స్టార్ట్ కాని బండిని మధ్యాహ్నం ఎన్‌ఏడీ దగ్గర తలుచుకోండి.

పెట్రోలు విషయంలో, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. తీరంలో నెలలు నిలబెట్టిన బండి ట్యాంకు అడుగున నీరు చేరి ఇనుప ట్యాంకుకి తుప్పు పడుతుంది. ట్యాంకు మూత తీసి టార్చి వేసి లోపలి గోడలు చూడండి. ప్లాస్టిక్ ట్యాంకులున్న కొన్ని పాత ఇటాలియన్ బళ్లలో ఇథనాల్‌కి ట్యాంకు ఉబ్బి, బోల్టు రంధ్రాలు కలవకుండా పోతాయి. ట్యాంకు తీసి పెట్టడం కష్టంగా ఉంటే అనుమానించండి.

కాగితాలు

తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు బండి అయితే అక్కడి ఆర్‌టీవో నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ రావాలి. ఏపీ లైఫ్ ట్యాక్స్ బండి వయసును బట్టి మళ్లీ కట్టాలి. పెద్ద బళ్లకి ఆ మొత్తం లక్షల్లోకి వెళ్లగలదు, కాబట్టి బేరానికి ముందే ఆర్‌టీవోలో లెక్క తెలుసుకోండి. సంతకాలు పెట్టాల్సినవి ఫారం 29, 30. బ్యాంకు లోను తీరిందంటే ఫారం 35తో హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు హక్కు) ఆర్‌సీ నుంచి తొలగించాక మాత్రమే మిగతా డబ్బు ఇవ్వండి. పెండింగు చలానాలు చూసుకోండి, 14 రోజుల్లో ఇన్సూరెన్సు పేరు మార్పించండి. 350 సీసీ దాటిన బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే 2022లో నిర్ణయించిన ప్రకారం ఏటా 2,804 రూపాయలు, పన్ను అదనం. కాగితాలు ఇచ్చి పుచ్చుకునేటప్పుడే తాళాలు రెండూ చేతికి తీసుకోండి. డుకాటిలో ఇమ్మొబిలైజర్ (కోడ్ చేసిన తాళం లేనిదే స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉంటుంది, రెండో తాళం లేకపోతే కొత్తది తెప్పించి కోడ్ చేయించడం ఖర్చూ జాప్యమూ.

కొన్న మొదటి వారంలో ఇంజిన్ ఆయిల్ (డుకాటికి 15డబ్ల్యూ-50), ఫిల్టరు, బ్రేకు ఆయిల్, నీటితో చల్లబడే బండైతే కూలెంట్ మార్చండి. ఆయిల్ డ్రెయిన్ బోల్టు అయస్కాంతాన్ని ఆ తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. బూడిదరంగు పేస్టు మామూలే, రేకులు కనిపిస్తే ఫొటో తీసి వెంటనే సర్వీసుకి పంపండి. ఆ తర్వాత ప్రతి కనెక్టరునూ విప్పి, తడి తుడిచి, డైఎలెక్ట్రిక్ గ్రీజు (కనెక్టర్లలోకి తడి చేరకుండా రాసేది) పలచగా రాసి మళ్లీ బిగించండి. ఒక ఆదివారం పడుతుంది.